సరిహద్దు ఎడారిలో గ్రీకు నగరాలు

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చాక మూడు వారాలు ఆగి చూశాను. మా ఆయన సెలవు మీద కాకినాడ వెళ్లి అక్కడే చిక్కుకుపోయారు. కువైట్‌లోని హవల్లీ పేటలో, మా ఫ్లాటులో నేనొక్కదాన్నే. ట్యాంకు రోడ్డు మలుపు తిరిగినప్పుడల్లా లైటు ఆర్పేసేదాన్ని. స్కూల్లో నేను చరిత్ర టీచర్ని. సెలవులయ్యాక చెప్పాల్సిన మొదటి పాఠం గ్రీకు నగర రాజ్యాలు. రేవులతో, వర్తకంతో ఎలా వర్ధిల్లాయో, ఎవరి గోడ వాళ్లు చూసుకుంటూ ఎలా కూలాయో చెప్పాలి. చెప్పే ఊరే కూలింది.

ఉదయం ఐదింటికి బస్సు. కువైట్ దినార్లు ఇక చెల్లవన్నాడు డ్రైవరు, చేతి బంగారు గాజు తీసి ఇచ్చాను. మధ్యాహ్నానికి ఇరాక్‌లోని బస్రా. ఎండు ఖుబ్బూస్ రొట్టె, చక్కెర లేని టీ. బాగ్దాద్ బస్టాండు బయట అరుగు మీద పడుకున్నాం. ఈ దారిన వచ్చేవాళ్లకు ఒక మాట: నీళ్ల డబ్బాకు గట్టి మూత చూసుకోండి. నాది సగం ఒలికిపోయింది.

మర్నాడు సాయంత్రం ఇరాక్ సరిహద్దు దాటించి, జోర్డాన్ వైపు ఎడారిలో దించేశారు. వేల మంది. అమ్మాన్ వెళ్లే బస్సులు గుడారాల వారీగా నింపుతారట. దాంతో మన తెలుగువాళ్లు వెంటనే గీతలు గీసుకున్నారు. హవల్లీ వాళ్లదొక గుడారం, ఫింటాస్ పేట వాళ్లదొకటి, గోదావరి వాళ్లదొకటి. ఎవరి నీళ్లు వాళ్లవే, ఎవరి పెద్ద వాళ్లకే. నా పాఠం ఇసుకలో లేచి నిలబడినట్టుంది. నవ్వు రాలేదు, భయమేసింది.

నారాయణమ్మను అక్కడే చూశాను. రాయచోటి దగ్గరి మనిషి, కువైట్‌లో సబా అల్ సలేం పేటలో ఇంటిపని. ఆమె 'మామా' అని పిలిచే యజమానురాలి కుటుంబం రాత్రికి రాత్రి సౌదీ వెళ్లిపోయింది. పొద్దున మా గుడారంలో గంజి కాచేది, మధ్యాహ్నం ఫింటాస్ వాళ్లకు రొట్టెలు చేసేది, పొద్దుగూకితే గోదావరి వాళ్ల గిన్నెలు ఇసుకతో తోమేది.

"కాసేపు కూర్చో," అన్నాను.

"కూకుంటే ఎవురు ఎక్కిచ్చుకుంటారు మేడం? పని చేస్తాంటే మనిసి కండ్ల బడతాది," అంది.

కళ్లబడింది, నిజమే. కానీ ప్రతి గుడారమూ ఆమెను పక్క గుడారం మనిషి అనుకుంది.

బస్సు వచ్చిన రోజు ఆ సంగతి బయటపడింది. ముందు మా గుడారాన్ని పిలిచారు. మా పెద్ద మస్తాన్ భాయ్‌ది రాయచోటే, హవల్లీలో టాక్సీ నడిపేవాడు. తలలు లెక్కపెడుతూ ఆమె దగ్గర ఆగాడు.

"నువ్వు ఫింటాసోళ్ల మనిసివి గదమ్మా?"

"మా మనిషి కాదు," అన్నారు ఫింటాస్ వాళ్లు. "గోదావరోళ్లని అడగండి." గోదావరి వాళ్లు తలలు అడ్డంగా ఊపారు. ఈ బస్సు పోతే ఆమె ఆ ఇసుకలో ఎన్నాళ్లుండాలో ఎవరికీ తెలియదు.

"ఆమె రాకపోతే నేనూ రాను," అన్నాను.

నారాయణమ్మ నా వైపు చూడనైనా లేదు. చీర కొంగు బొడ్లో దోపి, బస్సెక్కి, డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది.

"మూడు గుడారాలోళ్లూ నేనేసిన ఉప్పు తిన్నారు. దిగమనేటోళ్లు ముందుకు రాండి," అంది.

ఎవరూ రాలేదు. మస్తాన్ భాయ్ తల దించుకుని, "యల్లా, ఎక్కండి మేడం," అన్నాడు.

అమ్మాన్‌లో ఒక పాఠశాల వరండాలో రెండు రోజులున్నాం. అక్కడ తిన్న వేడి పప్పు రుచి ఇప్పటికీ చెప్పలేను. బొంబాయి విమానంలో నారాయణమ్మ పక్కనే సీటు దొరికింది. ఊసుపోక గ్రీకు నగరాల కథ చెప్పాను. శ్రద్ధగా వింది.

"ఆ ఊర్లు పడిపోయినాక, ఆడ వొంట చేసేటోళ్లు యాడికి పోయినారు మేడం?"

పదకొండేళ్లుగా ఆ పాఠం చెబుతున్నాను. పుస్తకంలో లేదు, తెలియదన్నాను.

"యాడికో ఒకచోటికి పోయింటార్లే," అని కళ్లు మూసుకుంది.