మూడు చిల్లుల కుండ

ఈ సంగతి ఎప్పుడో రాయాల్సింది. కానీ నాకు అక్షరాలు వచ్చిందే అరవై దాటాక, మనవరాలి పలక మీద. అంతకుముందు ఎవరిచేతనైనా రాయిద్దామంటే, మా ఊళ్లో రాయడం వచ్చినవాళ్లలో చాలామంది ఆ రోజు మా వాకిట్లోకి వచ్చినవాళ్ల ఇంటివాళ్లే. వాళ్లకు ఎలా చెప్పను?

ఇబ్రహీంపట్నం చెరువు కట్ట కింద చేపలు పట్టి బతికే ఇల్లు మాది. నేను కొత్త కోడలిని. అప్పట్లో మా ఇంట్లో ఒకాయన ఉండేవాడు, నిజాం సర్కారులో ఇంజినీరుగా చేసినవాడు, ముస్లిం. అందరం సాబు అనేవాళ్లం. చెరువు తూము బాగుచేయించడానికి వచ్చినప్పుడు మా మామకు దోస్తు అయ్యాడట. సర్కారుకు లెవీ ధాన్యం కట్టని రైతులకు నీళ్లు ఆపమని పైవాళ్లు అంటే, పొట్టకొచ్చిన వరి ఎండిపోతుందని ఆయన తూము మూయలేదు. కొలువే వదిలేశాడు. అప్పటికి మామ లేడు. అయినా పాత దోస్తానా మీద మా వలల కొట్టంలో ఉండి, అరుగు మీద పిల్లలకు లెక్కలు, సైన్సు చెప్పడం మొదలుపెట్టాడు. బడిలో ఉర్దూలో తలకెక్కని లెక్క ఆయన తెలుగులో చెబితే ఎక్కేది. తల్లులు జొన్నలో, కూరగాయలో తెచ్చి ఇచ్చేవారు.

ఒకనాడు సాబు మా అత్త నీళ్లకుండకు కింద ఒకటి, నడుమ ఒకటి, పైన ఒకటి చిల్లులు పెట్టి, గుడ్డపీలికలు దూర్చి, అరుగు అంచున నిలిపాడు. పీలికలు లాగితే అడుగు చిల్లి నీళ్లే అన్నిటికంటే దూరం దూకాయి. పిల్లలు తడిసి కేకలు పెట్టారు.

"నీ పాడుగాను సాబూ! బంగారమసొంటి కుండ ఖరాబు చేస్తివి గదా!" అంది అత్త.

"జర సూడమ్మా. లోతు పెరిగితె నీళ్ల జోరు పెరుగుతది. గందుకే చెరువుకట్ట అడుగున వెడల్పు, పైన సన్నం."

"గది మా చేపపిల్లకు గూడ ఎరుకే. నా కుండ నాకు తెచ్చియ్యి."

ఆయన తేలేదు. అత్త రోజూ అడగడం మానలేదు.

తర్వాత పోలీసు చర్య జరిగింది. నిజాం సైన్యం లొంగిపోయింది. రజాకార్లతో చేరి తుపాకి పట్టిన సాబు వేరు, తూము మూయని సాబు వేరు అని చూసే ఓపిక అప్పుడు చాలామందికి లేదు. ఒక మధ్యాహ్నం కొందరు కర్రలతో మా ఇంటివైపు వచ్చారు. అరుపులు వినగానే అత్త ఆయనను కొట్టంలో తడి వలల కింద పడుకోబెట్టింది.

"సాబు ఏడి?" అన్నాడు ముందున్నవాడు.

"పొద్దుగాలనే పోయిండు. మీ పిల్లలకు లెక్కలు చెప్పి చెప్పి పానం ఇసిగినట్టుంది," అంది అత్త.

అతను కొట్టంలోకి దూరి, సాబు మూడుకాళ్ల కర్రస్టాండు పట్టుకుని బయటికి వచ్చాడు.

"గిది మిషిన్ తుపాకి నిలవెట్టే స్టాండు! ఇంకేం సాక్ష్యం గావాలె?"

దాని మీద దుర్బిణి పెట్టి పిల్లలు కట్ట మీద వంతులవారీగా చూడడం నాకు తెలుసు.

"తుపాకిది గాదన్నా. నీళ్ల మట్టం సూసేది. నీ కొడుకు గూడ సూసిండు, అడుగు," అన్నాను.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "వలలు తియ్యుండ్రి," అన్నాడు.

అత్త వెళ్లి వలల పక్కనే కూర్చుంది. "తియ్యి బిడ్డా. గీ నీసు వాసన పట్టుకుంటె నీ పెండ్లాం దగ్గరికి గూడ రానియ్యది."

వెనకవాళ్లు నవ్వారు. కర్రలు పట్టుకుని నవ్వుతున్న ఆ ముఖాలు ఇప్పటికీ కలలోకి వస్తాయి. స్టాండు కాళ్లు విరిచి, "రేపు మల్ల వస్తం," అని వెళ్లిపోయారు.

పొద్దు గూకుతుండగా నా పెనిమిటి సాబును తెప్ప ఎక్కించాడు.

"అమ్మా, నీ కుండ..." అన్నాడు సాబు.

"గా కుండ కోసమన్న నువ్వు మల్ల రావాలె," అంది అత్త.

అవతలి గట్టు దిగి గుట్టలవైపు నడిచాడని పెనిమిటి చెప్పాడు. ఎక్కడికైనా చేరాడో లేదో మాకు చెప్పినవాళ్లు లేరు.

మర్నాడు పొద్దున పిల్లలు ఎప్పటిలాగే పలకలతో వచ్చి వాకిట్లో నిలబడ్డారు. స్టాండు విరిచినవాడి కొడుకు కూడా వచ్చాడు, తల వంచుకుని. సాబు లేడని వాళ్లకు చెప్పలేకపోయాను. అప్పటికి నాకు ఒక్క అంకె రాయడం కూడా రాదు. అరుగు ఊడ్చి, కుండ నింపి అంచున పెట్టి, అడుగు చిల్లి పీలిక లాగాను.