రాగి చేలో డ్రైవర్ సీడీ

ఈరోజు పొద్దున పుంగనూరులో మా అంగడికి డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె కొత్త ల్యాప్‌టాప్ తెచ్చి విండోస్ వేసివ్వమంది. ఇరవై ఏళ్లకు పైగా నేను చేస్తున్న పనే. పెన్‌డ్రైవ్ పెట్టి మొదలుపెట్టాను. ఏ భాష అని విండోస్ అడిగింది, చెప్పాను. షరతులకు ఒప్పుకుంటావా అంది, అందరిలాగే చదవకుండా ఒప్పుకున్నాను. ఆ తర్వాత డిస్కు పేరు రావలసిన చోట ఖాళీ పెట్టె వచ్చింది. డిస్కేదీ కనబడలేదు, డ్రైవర్ ఇవ్వమని దాని కింద ఒక వరుస. ఆ అమ్మాయి తన ఫోన్లో వెతికి, ఆ ఫైలేదో దింపి, ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి నా చేతికిచ్చింది. టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. "ఏందక్కా, నీ సెయ్యి అట్ల వణకతాండాది?" అంది. ఏసీ చలికి అన్నాను. మా అంగట్లో ఏసీ లేదు.

ఈ సంగతి తెలియనివాళ్ల కోసం కాస్త చెబుతాను. కొత్తగా వేసే విండోస్, ఊరికి బదిలీ అయి వచ్చిన ఉద్యోగి లాంటిది. మామూలు డిస్కునైతే తానే గుర్తుపడుతుంది. కొంచెం వేరే రకమైతే, కళ్లెదుట ఉన్నా లేదంటుంది. ఆ డిస్కుతో ఎలా మెలగాలో చెప్పే చిన్న ఫైలును డ్రైవర్ అంటాం. దాన్ని మనమే తెచ్చివ్వాలి. ఇచ్చాక డిస్కు కనబడుతుంది, అసలు భయం అప్పుడు మొదలవుతుంది. డిస్కులో ఉన్న భాగాల్లో విండోస్ దేంట్లో వేయాలో మనమే చూపించాలి. తప్పుగా చూపించి ఫార్మాట్ కొట్టామా, అందులో ఉన్నదంతా గోవిందా. నేను పని నేర్చుకున్నది మదనపల్లెలో, ఒక మేడమీది సర్వీస్ షాపులో. ఆడపిల్లలు టైపు కొట్టుకోవాలి గానీ స్క్రూడ్రైవర్ పట్టడమేంటని అందరూ వింతగా చూసే రోజులు. చేరిన మూడో నెలలో తప్పు భాగాన్ని చూపించి, నిమ్మనపల్లె వాళ్ల పెళ్లి వీడియో మొత్తం తుడిచేశాను. ఓనరు నన్ను తిట్టలేదు. పెళ్లికూతురి తండ్రికి నువ్వే పోయి చెప్పమన్నాడు. ఆ పెద్దాయనా తిట్టలేదు. "మా నాయన ఉండె దాంట్లో. పెండ్లయిన నెలకే పోయినాడు" అన్నాడు, అంతే. తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని.

చెయ్యి వణకడానికి అది సగం కారణం. మిగతా సగం కుప్పంలో మా చిన్నాయన ఇంట్లో ఉంది.

చిన్నాయన బస్సు కండక్టరు. మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా, మళ్లీ వెనక్కి, ఇరవై ఐదేళ్లు అదే దారి. ఉద్యోగంలో చేరిన కొత్తలో బస్సు కల్వర్టును గుద్దుకుంది. ఒక ప్రయాణికుడు ఆసుపత్రి దాకా ఈయన ఒళ్లోనే ఉన్నాడు, అక్కడ సరిపోయే రక్తం దొరక్క పోయాడు. ఆ మర్నాటి నుంచి చిన్నాయన టికెట్ కొట్టేటప్పుడు రెండు ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాడు. యాడికి? ఏం గ్రూపు? మొదట్లో జనం ఇదేం పిచ్చి అనుకున్నారు. తెలియదన్నవాళ్లను చిల్లర ఇవ్వకుండా సతాయించి, పరీక్ష చేయించుకుని రమ్మనేవాడు. కొన్నాళ్లకు జనమే బస్సెక్కుతూ "కుప్పం ఒకటి, బీ పాజిటివ్" అనేవాళ్లు. పేరు, ఊరు, గ్రూపు, తర్వాత్తర్వాత ఫోన్ నంబరు, అన్నీ నోటు పుస్తకాల్లో రాసుకునేవాడు. రిటైరయ్యే నాటికి అలాంటివి ఒక ట్రంకుపెట్టెడు. ఎవరికి రక్తం కావాలన్నా ఆ చుట్టుపక్కల ముందు ఆయన ఇంటి తలుపే తట్టేవాళ్లు.

ఆయనకు కంప్యూటర్ అంటగట్టింది నేను. చదివిన కూతురి తెలివితేటలు చూపించాలి కదా. పుస్తకాలు చెదలు పడతాయి చిన్నాయనా అని, రెండు నెలలు సెలవు దొరికినప్పుడల్లా పోయి పేర్లన్నీ నా వేళ్లతోనే కొట్టాను. గళ్లు గళ్లుగా ఉండే పట్టిక ఆయన కళ్లకు పడదన్నాడని, ఉత్త నోట్‌ప్యాడ్‌లో చీటీ రాసినట్టు వరుసగా కొట్టాను. డిస్కు గట్టిది ఉండాలని బెంగళూరు పాత సామాన్ల బజారులో ఏదో ఆఫీసు వాడి పారేసింది తెచ్చాను. అది మామూలు కంప్యూటర్‌కు తగులుకోదు. దానికి వేరే కార్డు, ఆ కార్డుకు వేరే డ్రైవర్, ఆ డ్రైవర్‌కు ఒక సీడీ. సీడీని కవర్లో పెట్టి, కంప్యూటర్ పక్కన గూట్లో ఉంచి, భద్రమని చెప్పాను. "డ్రైవర్ లేంది బండి కదల్దని నాకు సెప్తావా?" అన్నాడు చిన్నాయన. పుస్తకాలను మా చిన్నమ్మ వేరుశనక్కాయలమ్మే ఆమెకు పొట్లాలకని ఇచ్చేసింది. ఇమ్మన్నదీ నేనే. ఇంకో కాపీ తీసి పెట్టాలన్న బుద్ధి పుట్టలేదు. పది మందికి నీతులు చెప్పే నోరే ఇది.

రెండేళ్లు బాగానే నడిచింది. ఒక కార్తీక మాసంలో, కరెంటు పోయి వచ్చిన మర్నాడు కంప్యూటర్ లేవడం లేదని చిన్నాయన ఫోన్ చేశాడు. విండోస్ పాడైందని మాటల్లోనే అర్థమైంది. పొద్దున మొదటి బస్సుకు బయల్దేరి కుప్పం చేరాను. ఉగ్గానీ తిన్నాను, నిదానంగా మొదలుపెట్టాను. ఖాళీ పెట్టె వచ్చింది, డ్రైవర్ అడిగింది. గూట్లో చెయ్యి పెడితే సీడీ లేదు. ఆ గూట్లో ఏ సీడీ లేదు. చిన్నమ్మను అడిగితే ఏమాత్రం బెదరకుండా చెప్పింది. "రాగి చేనికి కట్టినా మ్మా. తళతళా మెరస్తాయని పిచ్చికలు బెదరతాండాయి. నువ్వూ సూడల్ల ఒకపారి." మేం ముగ్గురం పగలబడి నవ్వాం. అంత గట్టిగా నవ్వుకోవడం ఆ రోజుకు అదే ఆఖరు.

నవ్వు ఆగకముందే గేటు దగ్గర ఒకతను నిలబడి ఉన్నాడు. గ్రానైట్ ఫ్యాక్టరీలో వాచ్‌మనట, ఒంటిమీద ఆ యూనిఫారమే ఉంది. చేతిలో ఆసుపత్రి చీటీ. భార్యకు కాన్పయింది, రక్తం ఆగడం లేదు, ఓ నెగటివ్ కావాలి. చిత్తూరు నుంచి రక్తం బయల్దేరిందట గానీ అది వచ్చేదాకా ఆగలేమని డాక్టరమ్మ చెప్పింది. "మీ కాడ పేర్లుండాయంట గద సార్" అన్నాడు. చిన్నాయన నా వైపు చూశాడు. నేను ఆ ఖాళీ పెట్టె వైపు చూశాను. చిన్నాయనకు మనుషులంతా గుర్తే. ఏ గ్రూపు వాడు ఏ స్టేజీలో ఎక్కి ఎక్కడ దిగుతాడో వేళ్ల మీద చెబుతాడు. ఒక్క ఫోన్ నంబరూ రాదు. నా ఫోన్లో ఆ డ్రైవర్ కోసం వెతికాను, ఆ కార్డు చేసిన కంపెనీ మూతపడి చాలాకాలమైంది. తెలిసిన నలుగురికి ఫోన్లు చేశాను. వెతికి చెబుతామన్నారు, ఎప్పటికి దొరుకుతుందో వాళ్లకే తెలియదు. ఇక మిగిలింది రాగి చేనే.

చేను ఇంటికి ఫర్లాంగు దూరం. నేనూ చిన్నమ్మా పరుగెత్తాం, వెనకాలే ఆ వాచ్‌మన్. సన్న తుంపర పడుతోంది. కంకుల మీదుగా ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు పురికొస లాగి ఇరవై దాకా సీడీలు కట్టి ఉన్నాయి. భక్తి పాటలవి, సినిమావి, ఎవరిదో వోణీల ఫంక్షన్‌ది, వాటి మధ్య నాది. ఎండకూ వానకూ పై రాతలన్నీ చెరిగిపోయి అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ముళ్లు విప్పే ఓపిక లేక పురికొస తెంపుకుంటూ పోయాం. భార్యకు రక్తమడిగితే ఈ ఆడవాళ్లు చేలో పిచ్చికలను తోలే బిళ్లలు ఎందుకు ఏరుతున్నారో ఆయనకేం అర్థమై ఉంటుంది? అయినా నాకంటే ముందు బురదలో దిగి, తెంపినవి తెంపినట్టు తన టోపీలో పెట్టుకుని తెచ్చాడు. ఆయన ఒక్క మాట అని ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది.

ఇంటికొచ్చాక చిన్నమ్మ సబ్బు నీళ్లతో కడిగి, కొంగుతో తుడిచి ఒక్కొక్కటే అందిస్తుంటే నేను పెడుతూ పోయాను. పెట్టిన ప్రతిదీ లోపల గిరగిరా తిరిగి, గొంతు సవరించుకున్నట్టు రెండు చప్పుళ్లు చేసి ఆగిపోయేది. కొన్నింట్లో పాటల పేర్లు వచ్చాయి, కొన్నింట్లో ఏమీ రాలేదు. ఆ ఏమీ రానివాటిలో నాది ఉందేమో, ఎండకు చచ్చిపోయిందేమో అని వాటిని మళ్లీ తుడిచి పక్కన పెట్టుకున్నాను. వాచ్‌మన్ ఫోన్ మోగింది. అవతల వాళ్ల అమ్మ. "వస్తాండా మ్మా, సూస్తాండారు మ్మా" అంటున్నాడు. పదకొండోదో పన్నెండోదో పెట్టాను. చాలాసేపు తిరిగింది. ఆ కార్డు పేరు వచ్చింది. నొక్కాను. ఖాళీ పెట్టెలో డిస్కు కనబడింది.

కనబడ్డది రెండు భాగాలుగా. రెండేళ్ల కింద దాన్ని సరిసగం చేసింది నేనే, సమానంగా ఉంటే ముచ్చటగా ఉంటుందని. ఒకదాంట్లో పాడైన విండోస్, ఇంకోదాంట్లో పేర్లు. ఏది ఏదో ఆ తెర చెప్పదు, రెండింటి కొలతా ఒక్కటే. మొదటిదే విండోస్ అయ్యుంటుందని తెలుసు. తెలుసు అనుకునే కదా నిమ్మనపల్లె పెళ్లినీ తుడిచింది. మౌస్ మీద చెయ్యి పెట్టి తీసేశాను. నా జీవితంలో అంత భయం మళ్లీ పడలేదు. "ఏమైందమ్మా?" అన్నాడు చిన్నాయన. అప్పుడు బుర్రకు తట్టింది, ఈ పూట విండోస్ ఎవడిక్కావాలి? కావలసింది పేర్లు. డ్రైవర్ ఎక్కింది కాబట్టి డిస్కు ఇప్పుడు తెరుచుకుంటుంది. ఇన్‌స్టాల్ చేసే ఆ తెరలోనే రెండు మీటలు కలిపి నొక్కితే నల్ల కిటికీ ఒకటి వస్తుంది, అక్కడి నుంచి నోట్‌ప్యాడ్ పిలవొచ్చు. పిలిచాను. ఫైలు వెతికి తెరిచాను. చిన్నాయన మనుషులంతా ఒకరి కింద ఒకరు బారులు తీరి వచ్చారు. నేను ఏడ్చేశాను. ఏడుస్తూనే ఓ నెగటివ్ అని కొట్టి వెతికాను.

ఫోన్ నంబరు ఉన్నవాళ్లు ఏడుగురే. మొదటి రెండు నంబర్లూ వాడుకలో లేవు. మూడో ఆయన బెంగళూరులో ఉన్నాడు. నాలుగో ఆయన ఎత్తలేదు. ఐదోది గుడుపల్లె దగ్గరి టీచరుది. ఒక ఆడమనిషి ఎత్తింది. చిన్నాయన విషయం చెప్పాడు. "మా అన్న పోయిన సంవత్సరమే సచ్చిపోయినాడు సార్. ఫోన్ నేనే వాడతాండా" అంది. చిన్నాయన ఫోన్ చెవికి పెట్టుకునే కుర్చీలో కూలబడ్డాడు. వాచ్‌మన్ ఆయన ముఖాన్నే చూస్తున్నాడు. ఆమె ఇంకా పెట్టెయ్యలేదు. "ఓ నెగటివే గద? నాదీ అదే సార్. అన్నకు ఆపరేషనప్పుడు నేనే ఇచ్చినా. యాడికి రావల్ల?"

ముప్పావు గంటలో ఆమె ఆసుపత్రి ముందు ఆటో దిగింది. రక్తం ఇచ్చింది. చిత్తూరు నుంచి వచ్చేది తర్వాత వచ్చింది గానీ, అందాకా ఆ తల్లిని నిలబెట్టింది ఈమె రక్తమే. తల్లీ బిడ్డా బతికారు. వాచ్‌మన్ ఎవరికి దండం పెట్టాలో తెలియక వరుసగా అందరికీ పెట్టాడు, సీడీలు కట్టిన మా చిన్నమ్మకు కూడా. అరటిపండు తింటూ బెంచీ మీద కూర్చున్న ఆమెను చిన్నాయన చాలాసేపు పరికించి చూశాడు. "నిన్ను యాడో సూసినట్టుండాదే మ్మా" అన్నాడు. "మీ బస్సులో ఎన్నోసార్లు వచ్చినా గద సార్. టికెట్ మా అన్న తీసేవాడు. గ్రూపు మీరు ఆయప్పనే అడిగేది" అంది ఆమె. మాటలో ఎత్తిపొడుపేమీ లేదు, జరిగింది చెప్పింది.

ఇంటికొచ్చి ఆ ఫైలును మూడు చోట్ల దాచుకున్నాక, చిన్నాయన నా పక్కన కుర్చీ వేసుకుని, ఆడవాళ్ల పేర్లు ఎన్నున్నాయో చూడమన్నాడు. మొదటి నుంచి చివరిదాకా చూశాం. ఒంటరిగా ప్రయాణం చేసే నర్సులు ఇద్దరు, ఒక టీచరు. భర్త పక్కన, అన్న పక్కన, కొడుకు పక్కన కిటికీ వైపు కూర్చుని ఇరవై ఐదేళ్లు ఆ దారిలో తిరిగిన వాళ్లెవరూ లేరు. "నా గ్రూపేందో నీకు తెల్సునా?" అంది వాకిట్లో నుంచి చిన్నమ్మ. చిన్నాయనకు తెలియదు. వేల పేర్లు నా చేత్తో కొట్టాను, నా పేరు కూడా అందులో లేదు, లేదని నాకూ తోచలేదు. ఉన్న పేర్లు ఎక్కడ పోతాయోనని నేను ఆ ఒక్క పూట వణికాను. రాయని పేర్లు పాతికేళ్లుగా, ట్రిప్పు ట్రిప్పుకూ, పోతూనే ఉన్నాయి.