ఉక్కు బద్ద కింద గీతలు

తాత పని కార్ఖానాలో ఇనుప అచ్చులు ఆకురాయితో అరగదీయడం. అచ్చు ముఖం సమంగా వచ్చిందో లేదో తేల్చడానికి దానిమీద కత్తి అంచులాంటి ఉక్కు బద్దను నిలబెట్టి, వెనక దీపం పెట్టి, కన్ను చికిలించి చూసేవాడు. బద్ద కింద వెలుగు దూరిందా, అచ్చు మళ్లీ ఆకురాయి పాలే. ముప్పై ఏళ్లుగా అక్కడ తాత కన్నే తీర్పు. నుదుటిమీది కళ్లజోడు కోసం ఇల్లంతా వెతికేవాడన్నది వేరే సంగతి.

ఫోర్‌మన్ కొత్తగా ఓ సన్నని దీపం తెచ్చాడు. ఆ వారమే సందులో నల్లని గీతలు కనబడ్డాయి. బద్దను నొక్కి సందు తగ్గిస్తే గీతలు పోవాలి కదా, ఇంకా ఎడంగా జరిగాయి! తాత దీపాన్ని అనుమానించకుండా తన కళ్లనే అనుమానించాడు. కళ్లు పోతే పని పోయినట్టే. ఎవరికీ చెప్పలేదు. ప్రతి అచ్చునూ పదిసార్లు వేళ్లతో తడిమాడు. అన్నం సయించక చిక్కిపోయాడు. మూడు వారాలు చూసి, సంగతి కక్కించి, నాయనమ్మే రెక్క పట్టుకుని కంటి డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది.

అక్షరాలన్నీ చదివించి డాక్టరమ్మ, "కళ్లు నిక్షేపంలా ఉన్నాయి తాతగారూ" అంది.

"మరి గీతలో?"

"రెండు వేళ్లు కంటి ముందు దగ్గరగా పెట్టి, వెంట్రుకంత సందులోంచి ఆ బల్లమీది దీపాన్ని చూడండి."

ఎవరూ అడక్కుండానే నాయనమ్మ కూడా చూసింది. "అయ్యో, నాకూ గీతలే! ఇద్దరివీ పోయాయండీ!"

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "అందరికీ కనబడతాయమ్మా. వెలుగు నీటి అలలాంటిది. ఇరుకు సందులోంచి వస్తే పక్కలకి విచ్చుకుంటుంది. ఆ అలలు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నచోట చీకటి గీత పడుతుంది. సందు ఎంత ఇరుకైతే వెలుగు అంత ఎక్కువ విచ్చుకుంటుంది."

"అంటే గీతలు ఎడమైతే..." తాత కుర్చీలో ముందుకు జరిగాడు. "అచ్చు బాగా కుదురుతున్నట్టా?"

"అంతేగా!"

తాత రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "చల్లగా ఉండు తల్లీ. నా అన్నం నాకు తిరిగిచ్చావు."

"లాక్కొచ్చింది నేను. నాకు లేదా?" అంది నాయనమ్మ. తాత ఆమెకూ పెట్టాడు, ఇంకాస్త వంగి. పెళ్లయ్యాక అదే మొదలు.

మర్నాడు కార్ఖానాలో పక్క బల్ల దగ్గర పనిచేసే బండోడిని పిలిచి గీతలు చూపించాడు. బండోడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నీకూ కనబడుతున్నాయా బావా? మూడు వారాలుగా చాటుగా కళ్లలో చుక్కల మందు వేసుకుంటున్నా!"

తాత పగలబడి నవ్వాడు. తర్వాత వాణ్ణి కూర్చోబెట్టి, డాక్టరమ్మ మాట పొల్లుపోకుండా చెప్పాడు. బండోడు ఊపిరి పీల్చుకుని, మందు సీసా విసిరేయబోయాడు.

"ఆగరా," అన్నాడు తాత. "ఫోర్‌మన్ కూడా పొద్దుటి నుంచి కళ్లు నులుముకుంటున్నాడు. పద, పాపం ఆయనక్కూడా చెబుదాం."