పాలకుర్తి దారిలో వంటావార్పు

పరాయి చోట ఇంకెన్నాళ్ళు, తెనాలికి బదిలీ అడుగుతావా లేదా ఆదివారం రాత్రికల్లా చెప్పమంది అమ్మ. జనగామలో బ్యాంకు ఉద్యోగం నాది. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక ఒకరోజు కౌంటర్ దగ్గర ఎవరో నన్ను 'నాన్ లోకల్' అన్నారు. అవుట్‌సైడర్ అన్నట్టే. దానికి బయటివాడని బడిలో అర్థం రాసుకున్నాం గానీ, ఆ మాట మనకే తగిలితే ఎలా ఉంటుందో ఏ మాస్టారూ చెప్పలేదు. మనసు చివుక్కుమంది. వెళ్ళిపోయేదాన్నే అయితే పాలకుర్తి గుట్ట మీది సోమేశ్వరుణ్ణయినా చూసి పోదామని ఆ ఆదివారం బయలుదేరాను.

బస్సులు బంద్. జనగామ బస్టాండు బయట తొమ్మిదింటికి షేర్ ఆటో దొరికింది. మనిషికి ముప్ఫై రూపాయలు, గంట పైనే ప్రయాణం, దారంతా పత్తి చేలు. డ్రైవరు కబుర్లపోగు. నేను మాత్రం 'ఊ' కొడుతూ కూర్చున్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నాకేమో నోరు తెరిస్తే యాస బయటపడుతుందని భయం. సగం దూరం దాటాక రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు కనిపించాయి. వంటావార్పు. ఊరివాళ్ళు నిరసనగా రోడ్డు మీదే వండుకుని, ఆగిన బండ్లవాళ్ళకు కూడా పెడుతున్నారు. తినందే కదలనివ్వరని డ్రైవరు ఇంజన్ ఆపేశాడు.

పప్పుచారు గిన్నె దగ్గర గరిటె తిప్పుతున్న లంబాడీ అక్క నా అరచేతిలో కాస్త పోసి రుచి చూడమంది. ఆకలిలో జాగ్రత్త మరిచి "ఉప్పు చాల్లేదండీ" అనేశాను. చుట్టూ ఉన్నవాళ్ళు నా వైపు తిరిగారు. కండువా వేసుకున్న ఒక పెద్దాయన "ఆంధ్రామె" అన్నాడు, కొంచెం విసురుగానే. నేను ఆటో వైపు ఒక అడుగు వెనక్కి వేశాను.

అక్క తొణకలేదు. "అయితే ఏంది బాపు? మా తండల మీరు గూడ బయటోళ్లే, మా బాసల కోర్ అంటం మిమ్ముల. ఊర్లెకొస్తె మేం మీకు తండోళ్లం. అయినా ఒక్క పొయ్యి మీదనే వండుతున్నం గద" అంటూ ఉప్పు డబ్బా నా చేతికిచ్చింది.

పెద్దాయన మెత్తబడ్డాడు. మా కొట్లాట కొలువుల కోసం, నీతోని గాదు బిడ్డా అన్నాడు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. మీ పిల్లలకు రావలసిన కొలువులోనే నేనున్నానేమో అన్నాను.

"అది వేరే లొల్లి. ముందుగాల తిను," అన్నాడాయన.

బంతిలో కూర్చుని కడుపునిండా తిన్నాను. తర్వాత వచ్చేవాళ్ళ కోసం ఉల్లిగడ్డలు కోశాను. మధ్యాహ్నం దారి తెరిచాక ఆటో ఎక్కుతుంటే పెద్దాయన వెనకనుంచి కేకేశాడు. "అగ్గో బిడ్డా, వచ్చే ఐతారం మల్ల ఉంటది. కత్తిపీట ఒకటి తెచ్చుకో, చేతులు తక్కువైతున్నయ్."

గుట్ట ఎక్కి దణ్ణం పెట్టుకుని, చీకటి పడకముందే జనగామ చేరాను. కొలువుల లొల్లి తెగలేదు, అందులో న్యాయం వాళ్ళ వైపే ఉందనిపిస్తుంది కూడా. కానీ బయటివాళ్ళకు అన్నం పెడతారు గాని పని చెప్పరు. నాకు పని చెప్పారు, అది నాకెంతో సంతోషం. ఈ రోజుల్లో ఇటు వచ్చేవాళ్ళకు ఒకటే సలహా: వంటావార్పు కనబడితే అడ్డదారులు వెతక్కండి, దిగి తినండి. ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసి ఏం తేల్చుకున్నావంది. బజారుకెళ్ళి కత్తిపీట కొనుక్కోవాలమ్మా అన్నాను.