వెళ్ళొస్తానన్న పిల్ల

సముద్రానికి ఎదురుగా కొండ అంచున ఉన్న ఆ హాస్టల్లో దుప్పట్లక్క అసలు పేరు ఎవరికీ తెలియదు. తెలుసుకోవలసిన అవసరమూ ఎవరికీ పడలేదు. వీపున బ్యాగు తగిలించుకుని తీరం వెంట తిరిగే కుర్రకారు వస్తారు, బంకు మంచాల మీద ఒళ్ళు వాలుస్తారు, తెల్లారగానే మరో ఊరి దారి పడతారు. వాళ్ళు వదిలిన దుప్పట్లు ఉతికి, ఆరేసి, మళ్ళీ పరిచేది ఆమె. ఉప్పుగాలికి ఓ పట్టాన ఆరని దుప్పట్లనూ, ఇసుక కాళ్ళతో మంచమెక్కేవాళ్ళనూ ఒకే నోటితో తిట్టిపోసేది. భర్త పోయాక హాస్టల్ వెనక గదే ఆమె ఇల్లు. యజమాని ఉండేది పట్నంలో. ఆయన ఫోన్లో వినబడడమే తప్ప కనబడడం తక్కువ.

ఎవరు వెళ్తున్నా ఆమెతో అనే మాట ఒకటే: "వెళ్ళొస్తానక్కా!" ఈ జన్మలో మళ్ళీ ఆ ఛాయలకు రానివాళ్ళూ అదే అంటారు. 'వెళ్తున్నా' అని మొహం మీద చెప్పడానికి మనకు నోరు రాదు మరి. "మంచిది, వెళ్ళి రండి" అంటూనే ఆమె లోపలికి నడిచి దుప్పటి లాగేసేది. అదీ ఆమెకు అలవాటైపోయిన పని.

వానలకు ముందు ఒక పిల్ల ఒంటరిగా వచ్చి, కిటికీ పక్క పై మంచం ఎంచుకుంది.

"అక్కా, ఈ లాకర్ గొళ్ళెం ఊడిపోయింది. తాళం ఎలా వేసుకోను?"

"యజమానికి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెడుతోందమ్మా. ఎక్కడికెళ్ళినా సామాను నీతోనే ఉంచుకో, అదే నయం."

ఆ సలహాయే కొంప ముంచింది.

మర్నాడు పొద్దున దుప్పట్లక్క బట్టలారేసే తాడు దగ్గర ఉండగా ఆ పిల్ల బ్యాగంతా వీపున మోసుకుంటూ బయటికొచ్చింది. "వెళ్ళొస్తానక్కా!" అంది నవ్వుతూ.

"మంచిదమ్మా, వెళ్ళి రా."

పిల్ల కొండవాలు దారి పట్టింది. దుప్పట్లక్క గదిలోకెళ్ళి దుప్పటి తీసింది. మంచం కమ్మీకి తడి తువ్వాలు వేలాడుతోంది. "మతిమరుపు మొహాలు!" అని సణుక్కుంటూ, మర్చిపోయిన సామాన్లు పడేసే గూట్లో దాన్నీ పడేసింది. మధ్యాహ్నం ఆ మంచం ఇంకొకరికిచ్చింది.

సాయంత్రం గాలీవానా మొదలైంది. ఆ పిల్ల ఏదని ఎవరూ అడగలేదు. ఖాళీ మంచం కనబడితే కదా అడగడానికి!

తుఫాను తగ్గాక చేపల పడవవాళ్ళు కొండ కింద రాళ్ళ మధ్య ఆ పిల్ల శవాన్ని చూశారు. కాలు విరిగి కదలలేకపోయిందనీ, ఆ రాత్రంతా ప్రాణం ఉండే ఉంటుందనీ డాక్టరు చెప్పాడు.

చేతులు దులుపుకోవడంలో యజమానిది అందె వేసిన చెయ్యి. "ఖాళీ చేసి వెళ్ళిందని చెప్పు. ఇంకో మాట మాట్లాడావో, నీ గది కూడా ఖాళీ చేయాల్సి వస్తుంది," అన్నాడు ఫోన్లో. పోలీసుల ముందు దుప్పట్లక్క చిలకలా అదే అప్పగించింది. ఆ తర్వాత అన్నం సయించలేదు.

నాలుగు రోజులకు ఆ పిల్ల తల్లి వచ్చింది. కిటికీ పక్క మంచం కమ్మీ పట్టుకుని నిలబడింది.

"ఖాళీ చేసి వెళ్ళిందన్నారట. ఇంకా రెండు రోజులు ఇక్కడే ఉంటానని నాకు ఫోన్లో చెప్పిందే! వెళ్ళేటప్పుడు నీతో ఏమంది తల్లీ?"

"వెళ్ళొస్తానక్కా అంది."

"అంటే, వస్తాననేగా?"

అందరూ అలాగే అంటారమ్మా అంటే సరిపోయేది. గదీ నిలిచేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ తల్లి మొహం చూస్తూ అనలేకపోయింది. గూటి దగ్గరికెళ్ళి తువ్వాలు తెచ్చింది.

"ఇది ఇక్కడ ఆరేసి వెళ్ళిందమ్మా. మర్చిపోయిందనుకున్నా. సామాను వెంట ఉంచుకోమంది నేనే, అయినా ఆ బ్యాగు చూసి ఇక రాదనుకున్నా. నేనే పక్క తీసేశాను."

తిడుతుందనుకుంది. రెండు చెంపదెబ్బలు కొట్టినా బాగుండేదనిపించింది. తల్లి తువ్వాలు అందుకుని, మడత పెట్టి, చంకన పెట్టుకుంది. ఇద్దరూ గేటు దాకా నడిచారు.

"వెళ్తున్నా," అంది తల్లి.