ఆరు ఊళ్లు, తొమ్మిది రోజులు, హాంబర్గ్‌లో తొంభై ఐదు నిమిషాలు

యూరప్‌లో ఒకే ప్రయాణంలో నాలుగైదు ఊళ్లు చుట్టాలనుకునే స్నేహితులు నన్ను సలహా అడుగుతుంటారు. నా దగ్గర రంగురంగుల ఎక్సెల్ షీటు ఒకటి ఉందని జర్మనీలో మేముండే ఇంగోల్‌స్టాట్‌లో తెలుగువాళ్లందరికీ తెలుసు. ఇకమీదట అడిగినవాళ్లకు ఆ షీటు పంపను, ఇది చదవమంటాను.

మా చిన్నమ్మ సులోచన కరీంనగర్‌లో టీచరుగా చేసి రిటైరైంది. ఇంటర్, ఇంజనీరింగ్ కలిపి ఆరేళ్లు నేను ఆమె ఇంట్లోనే ఉండి చదువుకున్నాను. కిందటేడు ఒకరోజు ఫోన్లో, "విమలను ఒకసారి చూడాలె బిడ్డా. అక్టోబర్ల కొడుకు దగ్గరికి కెనడా పోతదట, ఇల్లు ఖాళీ జేస్తున్నది" అంది. విమల గారు డాక్టరు, హాస్టల్లో చిన్నమ్మతో ఒకే గదిలో ఉన్న స్నేహితురాలు. పెళ్లయ్యాక హాంబర్గ్ వచ్చి నలభై ఏళ్లకు పైగా అక్కడే స్థిరపడ్డారు. ఇన్నేళ్లలో ఇద్దరూ కలుసుకున్నది రెండే రెండుసార్లు. ప్రయాణానికి మూలం ఇదే. మిగతాదంతా నేను తగిలించాను.

చిన్నమ్మ వీసా కోసం హామీ పత్రం ఇవ్వాలంటే ఇక్కడి ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరకడానికే ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాల్లో నా బుర్ర ఊరుకోలేదు. ఇంత ఖర్చు పెట్టి వస్తోంది, హాంబర్గ్ ఒక్కటే చూపించి పంపిస్తే చూసినవాళ్లు ఏమనుకుంటారు? వాట్సాప్ గ్రూపులో అడిగితే తలా ఒక ఊరు చెప్పారు, నేను అన్నీ చేర్చుకున్నాను. ఇంగోల్‌స్టాట్ నుంచి న్యూరెంబర్గ్‌కు రైలు, అక్కడి నుంచి నాలుగు గంటల బస్సులో ప్రాగ్. ప్రాగ్ నుంచి బెర్లిన్‌కు రైల్లో నాలుగు గంటల పైచిలుకు. తర్వాత హాంబర్గ్, ఆమ్‌స్టర్‌డామ్, బ్రస్సెల్స్, పారిస్. పారిస్ నుంచి మ్యూనిక్ మీదుగా ఇల్లు. ఆరు ఊళ్లు, తొమ్మిది రోజులు. హాంబర్గ్‌ను ఐదో రోజు పెట్టాను: ఉదయం పదీ ఇరవైకి దిగి, మధ్యాహ్నం మూడూ నలభై ఐదుకు ఆమ్‌స్టర్‌డామ్ వైపు రైలు. మధ్యలో టౌన్‌హాలు దగ్గర ఫొటోలు, విమల గారింట్లో భోజనం. తాంబూలంలో వక్కముక్కంత చోటు, అదీ చిన్నమ్మ వచ్చిన పనికి. అప్పుడు మాత్రం భేషుగ్గా కుదిరిందని మురిసిపోయాను.

ప్రాగ్, బెర్లిన్ బాగానే గడిచాయి. చిన్నమ్మ మోకాళ్లు పట్టుకుని వంతెనలన్నీ ఎక్కి దిగింది, ఎక్కడా ఉస్సురనలేదు. ఆమె బ్యాగులో పెద్ద స్టీలు డబ్బా ఒకటుంది. బస్సు ఎక్కేటప్పుడే ఇంత బరువేమిటని విసుక్కున్నాను. "సకినాలు బిడ్డా, విమలకు" అంది. నా భార్య శిరీష నా వంక గుర్రుగా చూస్తే ఆ బ్యాగు నేనే అందుకున్నాను.

ఐదో రోజు బెర్లిన్‌లో ఎనిమిదిన్నరకు రైలెక్కాం. రెండు నెలల ముందు కొన్నాం కాబట్టి మనిషికి ఇరవై యూరోల చిల్లర పడింది. రాత్రంతా గాలివాన. గంట దాటాక ఒక చిన్న స్టేషన్‌లో బండి ఆగిపోయింది. ముందు పట్టాల మీద చెట్టు పడిందని చెప్పారు. పదిన్నరైంది, పదకొండున్నరైంది. విమల గారు ఫోన్ చేసి, "పప్పుచారు పెట్టేశాను సులోచనా, నువ్వొచ్చాకే అప్పడాలు వేయిస్తా" అన్నారు. చిన్నమ్మ చిన్నపిల్లలా నవ్వింది.

టికెట్లు చూసే ఆయన పెట్టెలోకి వస్తే, మా తర్వాతి రైలు మూడూ నలభై ఐదుకు ఉందని, దాటిపోతే ఎలా అని అడిగాను. ఆయన నా ఫోన్ చూసి, "రెండూ వేరువేరుగా కొన్నారు. హాంబర్గ్‌లో కాసేపు ఆగేలా పెట్టుకుని మొత్తం ఒకే టికెట్‌గా తీసుకుని ఉంటే తర్వాతి బండి ఎక్కేవాళ్లు. ఇప్పుడు ఆ రైలు వెళ్లిపోతే మీ టికెట్లు పోయినట్టే" అన్నారు. విడివిడిగా కొంటే నాలుగు రాళ్లు మిగులుతాయని చెప్పిన తెలివిగలవాళ్లు గ్రూపులో నలుగురు ఉన్నారు. నేను ఐదోవాణ్ని.

హాంబర్గ్‌లో దిగేసరికి రెండూ పది. విమల గారిల్లు ఊరి చివర. ఎస్-బాన్ లోకల్ రైల్లో అరగంట, ఆపైన బస్సు, మొత్తం యాభై నిమిషాలు. వెళ్లి వెనక్కి రావడానికే మాకున్న సమయం చాలదు. వెళితే ఆమ్‌స్టర్‌డామ్ రైలు పోతుంది, దానితో ఆ రాత్రి హోటల్ పోతుంది, మర్నాడు పొద్దున బుక్ చేసిన పడవ పోతుంది. షీటు మొత్తం ఒకదాని మీద ఒకటి కూలిపోవడం నా కళ్లకు కట్టింది.

"ఏం జేద్దాం చిన్నమ్మా?" అన్నాను.

"నీ ఇష్టం బిడ్డా. మీకెట్ల వీలైతే అట్ల. నా కోసం మీ ప్లానెందుకు ఖరాబ్ జేసుకుంటరు?"

"డాడీ, వై డోంట్ వి జస్ట్ స్టే హియర్?" అంది మా ఎనిమిదేళ్ల అద్విక.

"టికెట్లు పోతాయి నాన్నా" అన్నాను. శిరీష నా చెయ్యి పట్టి పక్కకు లాగి, "ఇంకోసారి అడుగు" అంది. "ఆమే వద్దంటోంది కదా" అన్నాను. ఎవరైనా వద్దంటే వద్దనే అర్థం, అవునంటే అవుననే. తొమ్మిదేళ్లుగా జర్మన్లతో పనిచేసి నేర్చుకున్న సుఖం అది. ఆ సుఖాన్ని తీసుకొచ్చి, ఆకలేస్తున్నా మారు వడ్డించుకోని మనిషి దగ్గర వాడాను.

చిన్నమ్మ స్టేషన్ బెంచీ మీద కూర్చుని ఫోన్ చేసింది. "రైలు ఆలిశమైంది విమలా, ఇంక వీలు గాదు. ఏం ఫికర్ జెయ్యకు, మల్ల కలుద్దాం" అంది. గొంతు మామూలుగానే ఉంది. హమ్మయ్య అనుకున్నాను. ఇప్పటికీ ఆ హమ్మయ్యను తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. సామాను లాకర్లో పెట్టి, మిగిలిన సమయం వృథా కాకూడదని అందరినీ వానలో టౌన్‌హాలు దాకా నడిపించి ఫొటో తీశాను. గొడుగు ఎగిరిపోతుంటే చిన్నమ్మ కొంగు తల మీద కప్పుకుని నవ్వింది, నేను నవ్వమన్నానని.

ఆమ్‌స్టర్‌డామ్ వైపు రైలు కదిలి పావుగంట అయ్యాక ఆమె డబ్బా మూత తీసింది. "తినుండ్రి. ఎన్నొద్దులు మోస్తం, ఇరుగుతున్నయ్" అంది. అద్విక రెండు తింది. నేను ఒకటి నోట్లో పెట్టుకుని కిటికీ వైపు తిరిగాను. చిన్నమ్మ ఒక్కటీ ముట్టలేదు.

మిగతా నాలుగు రోజులూ షీటు ప్రకారం నిమిషం తేడా లేకుండా జరిగాయి. పారిస్‌లో టవర్ మీదికి లిఫ్టులో వెళ్లాం. టికెట్ రెండు నెలల ముందే తీసుకోండి, లేకపోతే క్యూ చాలా పొడుగు. పైన చిన్నమ్మ నదిని చూసి "మంచిగున్నది" అంది. ఆ తొమ్మిది రోజుల్లో ఆ మాట ఆరు ఊళ్లలోనూ అంది. ఇల్లు చేరాక మళ్లీ హాంబర్గ్ తీసుకెళ్లడానికి నాకు సెలవులు లేవు. ఇల్లు చేరిన పదో రోజునే చిన్నమ్మ విమానం ఉంది.

ఆమె వెళ్లాక సిగ్గు చంపుకుని విమల గారికి ఫోన్ చేసి క్షమించమన్నాను. ఆవిడ నొచ్చుకోలేదు, అదే నాకు కష్టమైంది. "మీరు స్టేషన్‌లో గంటన్నర ఉన్నారటగా బాబూ? నాకు తెలియలేదు. తుంటి ఆపరేషన్ అయ్యింది కాబట్టి రైలెక్కలేను గానీ, టాక్సీలో అరగంటలో వచ్చేదాన్ని. మిమ్మల్ని తొందరపెట్టినట్టవుతుందని ఎంతవరకు వచ్చారని అడగలేదు. సులోచనేమో నా కోసం ఆగమని నిన్ను అడగలేదు. మాకు అరగంట చాలు బాబూ, ఇద్దరం డెబ్భై దాటినవాళ్లం" అన్నారు. టాక్సీ అన్న మాట ఆ రోజు నాకు తట్టనేలేదు. ఈ దేశంలో టాక్సీ ఎక్కడమంటే డబ్బు కాల్చడమేనని నమ్మే జాతి మాది.

అక్టోబర్‌లో ఆవిడ కెనడా వెళ్లిపోయారు. చిన్నమ్మకు ఇక అంత దూరం ప్రయాణం వద్దని డాక్టరు చెప్పాడు. ఎన్ని ఊళ్లు చూపించావని అడిగితే ఆరని చెప్పుకోవచ్చు, కాదనేవాళ్లు లేరు. ఎందుకు పిలిచావని ఎవరైనా అడిగితే మాత్రం మాట మార్చేస్తాను. ఆమె అడిగింది ఊరు కాదు, ఒక మనిషిని. ఆ సంగతి నాకు మొదటి ఫోన్లోనే తెలుసు.

మీకు చెప్పగలిగిన చిట్కా ఒక్కటే. షీటులో మొదటి గడి నింపకముందే, మీతో వచ్చే పెద్దవాళ్లను ఒక్కచోటికే వెళ్లే వీలుంటే ఎక్కడికి వెళదామని అడగండి. ఆ ఊరిని అన్నిటికన్నా ముందు పెట్టి, అక్కడ రెండు రాత్రులు ఉండండి. "నీ ఇష్టం" అంటారు. మళ్లీ అడగండి. మళ్లీ అదే అంటారు. మూడోసారి కూడా అడగండి. నేను ఒక్కసారే అడిగాను.