నలభై మూడో వాల్వు

యాకయ్య రెండు చేతులూ మోచేతుల దాకా నీళ్ల వాల్వు చాంబర్‌లో పెట్టి బురద తోడుతున్నాడు. ఎనుమాముల మార్కెట్ రోడ్డులో ఆ చాంబర్ మూత మీద పొద్దుటి దాకా మిర్చి లారీ నిలబడి ఉంది. అది కదిలాకే పని మొదలైంది. బురదలో కలిసిన మిరపపొడికి చేతుల మీది గీతలు మండుతున్నాయి. అడుగున వాల్వు తల తగిలాక గుడ్డతో తుడిచి, పొడవాటి ఇనుప చావి ఎక్కించి, దాని పైకొసకు చెవి ఆనించి కాసేపు విన్నాడు.

"ఎనిమిదించుల లైను మేడం. పద్నాలుగు చుట్లు. అన్నిటి లెక్క కాదు, ఇది ఎడమకు తిప్పితే బందైతది. తెల్వనోడు బలంగ తిప్పిండంటే కాడ ఇరుగుతది."

సుకన్య రాసుకుంది. డోర్నకల్ రైల్వే కుటుంబం అమ్మాయి. నగరంలో కట్టబోయే కొత్త నీళ్ల ట్యాంకికి ప్లాను తయారుచేస్తున్న కంపెనీలో ఇంజనీరు. ఆమెకిచ్చిన పాత పైపుల నక్షాలో ముప్పై ఒక్క వాల్వులే ఉన్నాయి. నేల కింద ఏమేమున్నాయో యాకయ్యకే తెలుసని నీళ్ల ఆఫీసువాళ్లు అతన్ని ఆమె వెంట పంపారు.

యాకయ్యకు యాభై రెండేళ్లు. ఐదో తరగతితో బడి మానేసి, పైపుల కందకాలు తవ్వే కూలికి వచ్చి, ఇరవై నాలుగేళ్ల కిందట కాంట్రాక్టు మీద వాల్వుల పనిలో చేరాడు. ఎవరూ నేర్పలేదు. మొదటి ఏడాది తొందరపడి ఒక వాల్వు కాడ విరగ్గొడితే మట్టెవాడలో ఒక గల్లీకి నాలుగు రోజులు నీళ్లు రాలేదు. బిందెలు పట్టుకుని ఆడవాళ్లు అన్న మాటలన్నీ నిలబడి విన్నాడు. అప్పటి నుంచి చుట్లు లెక్కపెట్టనిదే ఏ వాల్వూ తిప్పలేదు. నీళ్లు నిండుగా పోతున్నాయో, గాలి కొడుతోందో, ఎక్కడైనా పైపు పగిలిందో చావికి చెవి ఆనిస్తే తెలుస్తుందని తనే కనుక్కున్నాడు.

మూడో రోజు సుకన్యను అడిగాడు, కొత్త ట్యాంకి వచ్చాక తమ సంగతేమిటని. ఆమె దాచలేదు. వాల్వులన్నిటికీ మోటార్లు పెడతారు, ఒక గదిలో కూర్చుని తిప్పుతారు, ఆ గదిలోకి చదువుకున్నవాళ్లను ఏజెన్సీ తెచ్చుకుంటుంది. ఆఫీసులో సూపర్‌వైజర్ రమాకాంత్‌ను అడిగితే, ముందు నక్షా గీసి పూర్తిచెయ్యి, తర్వాత చూద్దాం అన్నాడు. ఆ 'చూద్దాం' ఎలాంటిదో యాకయ్యకు ఇరవై నాలుగేళ్లుగా తెలుసు.

తొమ్మిది రోజుల్లో నలభై రెండు వాల్వులు తేలాయి. నలభై మూడోది అతను చూపించలేదు.

అది ఎత్తున ఉన్న గడ్డ మీది నాలుగు గల్లీలకు పోయే లైనులో ఉంది. కొన్నేళ్ల కిందట ఏదో మరమ్మతుకు యాకయ్య దాన్ని సగం మూసినప్పుడు రోడ్డు వేసేవాళ్లు చాంబర్‌తో సహా సిమెంటు పోసేశారు. కొత్త రోడ్డు పగలగొట్టడానికి ఎవరూ ఒప్పుకోలేదు. మూడుసార్లు చెప్పి మానుకున్నాడు. అప్పటి నుంచి గడ్డ వాళ్లు ట్యాంకర్ నీళ్లే పట్టుకుంటున్నారు. ఆ వాల్వు తెరవకపోతే ట్యాంకి ఎంత ఎత్తు కట్టినా పైకి నీళ్లెక్కవు.

ఈ సంగతి తెలిసిన ఇంకొకడు తోటి వాల్వుమన్ సారంగపాణి.

"అది గియ్యకు యాకన్నా. రేపు గడ్డకు నీళ్లెక్కకపోతే ఆళ్లే నిన్ను వెతుక్కుంట వస్తరు. అన్నీ చెప్పినోన్ని ఎవడు ఉంచుకుంటడు? చాయ్ తాగిన గ్లాసు లెక్క పక్కకు పెడ్తరు."

ఆదివారం యాకయ్య ఇంట్లో నేల మీద ఏడు కాగితాలు పరిచి నక్షా గీశాడు. కుడికి మూసుకునేవి నీలం, ఎడమకు మూసుకునేవి ఎరుపు. గడ్డ లైను మీద ఆ చోటు ఖాళీగా వదిలేశాడు. మార్కెట్లో మిర్చి తొడిమలు తీసే కూలికి పోయే భార్య కట్టమ్మ కూడా వద్దనే అంది.

"ఇన్నేండ్లు ఆళ్లు వదిలేసిండ్లు. ఒక్కటి నువ్వు వదిలిపెడితే ఏమైతది? మనం ఏం తినాలె?"

సోమవారం పొద్దున యాకయ్య మళ్లీ కాగితం ముందు కూర్చున్నాడు. గడ్డ లైను అడ్డేమీ లేకుండా సాఫీగా పైకి పోతున్నట్టుంది. చూసినవాడెవడైనా అదే నమ్ముతాడు. తన చేత్తో గీసిన గీత అది.

"నేను మూసిన వాల్వు లేదని నేనే ఎట్ల గియ్యాలె" అన్నాడు చివరికి, కట్టమ్మకు వినపడీ వినపడకుండా. ఆమె టిఫిన్ డబ్బా తీసుకుని పనికి వెళ్లిపోయింది. అతను నీలం పెన్ను తీశాడు.

మధ్యాహ్నం ఆఫీసులో సుకన్య ఏడు కాగితాలూ ఒక్కొక్కటే చూసి గడ్డ లైను మీది నీలం గుర్తు దగ్గర ఆగింది. ఇది చూపించలేదేమని అడిగింది. రోడ్డు కింద ఉందని చెప్పి కొలతలిచ్చాడు. రేషన్ షాపు మూల గోడకు పదకొండడుగులు, కరెంటు స్తంభానికి ఆరున్నర, లోతు రెండున్నర. సగం మూసి ఉంది.

ఆమె కొలతలు పుస్తకంలో రాసుకుంది.

"ఎస్టిమేటులో రోడ్డు పగలగొట్టే పని లేదు యాకయ్య గారూ. నక్షాలో అయితే ఎక్కుతుంది. తెరిచేది ఎప్పుడో నేను చెప్పలేను. కొత్త సిబ్బంది లిస్టు కూడా పైకి పంపేశారు. వాల్వుమన్ పోస్టు ఒక్కటీ లేదు" అంది.

యాకయ్య తలూపాడు. ఆమె రాసుకున్న పుస్తకం వైపు వంగి చూశాడు.

"పది కాదు మేడం. పదకొండు."

ఆమె కొట్టేసి సరిగా రాసింది. ఏడు కాగితాలూ లెక్కపెట్టి, అతని చేత సంతకం పెట్టించుకుని, చుట్టగా చుట్టి రబ్బరు బ్యాండు వేసి తీసుకుంది.